కళకిచ్చిన గడియ: ఖర్చా, జమా?

దీపావళినాడు వర్తకుల యిండ్లలో కొత్త ఖాతాపుస్తకములు తెరువబడును. అది భగవాన్ మహావీరుని నిర్వాణదినము గనుక జైనులకు దాని మరునాడు సంవత్సరారంభము కూడ. పాత పుస్తకమును మూయుటకు ముందు ప్రతి పద్దును సరిచూచుట, రావలసినది రాబట్టుకొనుట, ఇయ్యవలసినది ఇచ్చివేయుట పెద్దలనాటినుండి వచ్చిన అలవాటు. ఐతే కొందరి మనస్సులో ఏ చిట్టాకును, ఏ ఆవర్జాకును ఎక్కని బాకీ యొకటి ఏండ్ల తరబడి నిలిచియుండును. అది కాలమునకు సంబంధించిన బాకీ.

పగలంతయు కొట్టులో కూర్చుండి, రాత్రి తలుపులు వేసిన తరువాత వీణ ముందు పెట్టుకొనిన యువకునకు తండ్రి దగ్గు వినబడగానే చేయి ఆగిపోవును. వంటయిల్లు సర్దుకొని, పిల్లలను నిద్రపుచ్చి, బొమ్మ గీయుటకు కూర్చున్న కోడలు అత్తగారి అడుగుల చప్పుడు వినగానే కాగితమును చాప క్రిందికి త్రోయును. వారిని ఎవరును ఏమియు అనలేదు. తండ్రి దగ్గినది చలికి. అత్తగారు లేచినది మంచినీళ్ళకు. అయినను దొంగతనము చేయుచు పట్టుబడినట్లు గుండె అదరును. ఈ గడియలో ఒక పద్దు సరిచూచియుండవచ్చును గదా, ఒక సామాయికము జరిగియుండును గదా అను తలంపు వేధించును.

అదే గడియ చేతిలోని ఫోనును చూచుచు గడచిపోయినచో ఇంత వేదన కలుగదు. కారణమేమనగా ఫోనుకు పోయిన గడియ తెలియకుండ జారిపోవును. కళకిచ్చిన గడియ తెలిసి ఇచ్చినది. తెలిసి చేసిన ఖర్చునకే మనస్సు లెక్క అడుగును. లెక్క అడుగుట మంచిదే. ఐతే లెక్క అడిగిన తరువాత జవాబు కూడ వినవలెను. ఆ జవాబును వెదకుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

శంక ఎక్కడనుండి వచ్చినది?

ఈ శంక కేవలము ధనాశవలన పుట్టినది కాదు. శ్రావకుని పండ్రెండు వ్రతములలో అనర్థదండ విరమణ మొకటి. ప్రయోజనము లేని పాపకార్యమునుండి మరలుట దాని యర్థము. సమంతభద్రాచార్యులు రత్నకరండ శ్రావకాచారములో అనర్థదండమును ఐదు విధములుగా చెప్పిరి: పాపోపదేశము, హింసాదానము, అపధ్యానము, దుఃశ్రుతి, ప్రమాదచర్య. వీనిలో దుఃశ్రుతి యనగా మనస్సును కలుషితము చేయు గ్రంథములను, కథలను వినుట. ప్రమాదచర్య యనగా పనిలేక నేలను త్రవ్వుట, నీటిని చిమ్ముట, మొక్కలను త్రుంచుట, ఊరక తిరుగుట మొదలైనవి.

పాటయు, బొమ్మయు, కవిత్వమును ఈ రెండింటిలో దేనిక్రిందనో వచ్చునేమో యని భక్తిగల కుటుంబములు వెరచుట సహజము. కాని ఆచార్యుల మాటను నిదానముగా చూడవలెను. ఆరంభము, పరిగ్రహము, సాహసము, మిథ్యాత్వము, ద్వేషము, రాగము, మదము, మదనము అనువానిచేత చిత్తమును కలచునది దుఃశ్రుతి యని వారు చెప్పిరే కాని, ఛందస్సులో నున్నదంతయు దుఃశ్రుతి యని చెప్పలేదు. ఈ లక్షణమును వ్రాసిన సమంతభద్రులే స్వయంభూస్తోత్రమును వివిధ వృత్తములలో రచించిన మహాకవి. ఆయన నిషేధించినది కళను కాదు; కళలోనికి చొరబడు కషాయమును. బియ్యములో రాళ్ళు కలిసినవని చెప్పినవాడు బియ్యమును పారవేయుమని చెప్పినట్లు కాదు.

ఆదినాథుని రెండు చేతులు

జినసేనాచార్యుల ఆదిపురాణములో కర్మభూమి యొక్క ఆరంభము వర్ణింపబడినది. జనులు జీవించుటకు ఋషభదేవుడు ఆరు వృత్తులను ఉపదేశించెను: అసి, మసి, కృషి, విద్య, వాణిజ్యము, శిల్పము. వాణిజ్యమును, శిల్పమును ఒకే గురువు ఒకే పంక్తిలో ఉంచెను. తన కుమారులలో వృషభసేనునకు సంగీతమును, అనంతవిజయునకు చిత్రకళను నేర్పెను.

అంతకంటె మనోహరమైనది కుమార్తెలకు చదువు చెప్పిన ఘట్టము. ప్రభువు బ్రాహ్మిని, సుందరిని దగ్గర కూర్చుండబెట్టుకొని, కుడిచేతితో అక్షరములను, ఎడమచేతితో అంకెలను వ్రాసి చూపెను. వర్తకుని కొట్టు నడచునది అంకెవలన. కావ్యము నిలుచునది అక్షరమువలన. ఆ రెండును ఒకే తండ్రి ఒకే వేళ ఇచ్చిన చదువులు. ఒక చేతిని ఉంచుకొని రెండవ చేతిని దాచుకొనుమని ఆయన చెప్పలేదు. ఆ తొలి విద్యార్థులిద్దరును ఆడపిల్లలే యని కోడలి కాగితము చాప క్రింద దాగిన ప్రతి యింటివారును జ్ఞప్తియందుంచుకొనవలెను.

తరువాతి చరిత్రలో కూడ ఈ రెండు చేతులును కలిసియే పనిచేసినవి. గుజరాతు దేశమున మంత్రిపదవిలో నుండి, 13వ శతాబ్దిలో తమ్ముడు తేజపాలునితో కూడి ఆబూ పర్వతముపై దేవాలయమును కట్టించిన వస్తుపాలుడు, నరనారాయణానందమను సంస్కృత కావ్యమును స్వయముగా రచించెను. తెలుగుదేశమున కరీంనగరము జిల్లా కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్టపై 10వ శతాబ్దిలో జినవల్లభుడు జినబింబములను, చక్రేశ్వరిని చెక్కించి, సంస్కృత కన్నడములతోపాటు తెలుగు కందపద్యములను కూడ శిలపై నిలిపెను. తెలుగులో దొరికిన మిక్కిలి ప్రాచీనమైన కందపద్యములలో అవి చేరినవి. ఈతడు 941లో కన్నడ ఆదిపురాణమును రచించిన పంపకవికి తమ్ముడు. వీరి పూర్వులు వేంగీదేశమువారు. పూర్వుల నేలను విడిచి పరదేశమున స్థిరపడిన కుటుంబము కవిత్వమును వృథాకాలక్షేపముగా తలంచియుండినచో, ఆ గుట్ట నేడు ఏమియు మాటలాడకుండ ఉండెడిది.

ఒక వర్తకుని కథ

పురాణపురుషుల మాట వేరు, కొట్టు నడుపుకొనువాని మాట వేరు అని తోచవచ్చును. అట్టివారికొరకే బనారసీదాసు జీవితమున్నది. ఈయన 1586లో జౌనుపూరులో శ్రీమాలి కుటుంబమున జన్మించెను. తండ్రి ఖరగసేనుడు రత్నవర్తకుడు. బనారసీదాసు 1641లో, తన 55వ యేట, అర్ధకథానకమను పేర స్వీయచరిత్రను పద్యములలో వ్రాసెను. మనుష్యుని పూర్ణాయువు 110 సంవత్సరములని యెంచి, తాను చెప్పినది సగము కథ యని ఆ పేరు పెట్టెను. లాభమువలెనే నష్టమును, గుణమువలెనే దోషమును దాచక వ్రాసిన పుస్తకమిది.

పదునాలుగేండ్ల వయస్సున ఆయనకు చదువుపై, కవిత్వముపై, శృంగారముపై ఒక్కసారిగా ఆసక్తి పుట్టెను. నవరసములపై వేయి పద్యముల గ్రంథమును వ్రాసెను. అందులో శృంగారమే అధికము. వ్యాపారము పట్టలేదు. విద్యలను బ్రాహ్మణులకును, భట్టులకును విడిచిపెట్టి కోమటిబిడ్డ అంగడిలో కూర్చుండవలెనని పెద్దలు మందలించిరి. ఆయన వినలేదు.

1605లో అక్బరు చక్రవర్తి మరణవార్త జౌనుపూరునకు చేరెను. ఊరంతయు భయపడి తలుపులు మూసికొనెను. మెట్లపై కూర్చున్న బనారసీదాసు ఆ వార్త విని తూలి క్రిందపడగా తల పగిలి రక్తము కారెను. ఆ కాలముననే ఆయన మనస్సు మారసాగెను. ఒకనాడు మిత్రులతో గోమతీనది వంతెనపై కూర్చుండి తన పుస్తకమును చదువుచుండగా, ఒక్క అబద్ధమాడినవాడే దుర్గతి పొందునని చెప్పుదురే, తాను వేయి అబద్ధములను అల్లితినే యని తోచెను. వెంటనే పుస్తకమును నదిలో వేసెను. మిత్రులు హాహాకారము చేసిరి. ఆకులు చెదరి నీటిలో కొట్టుకొనిపోయెను. ఈ మార్పును చూచి తండ్రి సంతోషించెను.

కథ ఇక్కడనే ముగిసినచో, కళను నీటిలో వేయుటయే ధర్మమని నీతి చెప్పవలసివచ్చును. కాని కథ ముగియలేదు. కొన్ని సంవత్సరములకు తండ్రి ఇచ్చిన రత్నములను, నెయ్యిని, నూనెను, వస్త్రములను తీసికొని బనారసీదాసు ఆగ్రాకు వ్యాపారమునకు వెళ్ళెను. అనుభవము లేదు. కొన్ని రత్నములు చేజారెను. సరుకు నష్టమునకు పోయెను. చేతిలో పైకము లేక, బజారునకు పోవుటకు మొగము చెల్లక ఇంటనే కూర్చుండెను. సాయంకాలమున పదిమందియో యిరువదిమందియో వచ్చి కూర్చుండగా మధుమాలతి, మృగావతి అను కథాకావ్యములను చదివి వినిపించుచుండెను. వినవచ్చువారిలో కచోరీలు అమ్మువాడొకడుండెను. బనారసీదాసు అతనివద్ద అరువుపై కచోరీలు తిని కాలము గడపెను. ఒకనాడు సిగ్గుపడి, తనవద్ద ఇచ్చుటకేమియు లేదు, ఇక అరువు పెట్టవద్దని రహస్యముగా చెప్పుకొనెను. ఇరువది రూపాయల వరకు తినుము, నిన్నెవరును ఏమియు అనరు అని ఆ వర్తకుడు ధైర్యము చెప్పెను. తరువాత లెక్క చూడగా పదునాలుగు రూపాయలు తేలెను. బనారసీదాసు ఆ బాకీని తీర్చివేసెను.

ఈ ఘట్టమును వర్తకులు రెండు కన్నులతో చూడవలెను. వ్యాపారమును విడిచి కథలు చదువుట ఆయన దోషమే. తండ్రి సొమ్ము నష్టమైనది. ఇంటివారికి కష్టము కలిగినది. ఐతే పగలంతయు పొయ్యి దగ్గర నిలిచినవాడు సాయంకాలమున ఆ పాఠమునకు వచ్చి కూర్చుండెను. ఇచ్చిన అరువునకు భయపడలేదు. కళ విలువ కచోరీల వర్తకునకు తెలిసినంత స్పష్టముగా చదివి వినిపించినవానికి తెలిసినట్లు లేదు.

తరువాత ఆయన ఆగ్రాలో పొత్తు వ్యాపారములు చేసి, లాభనష్టములు చూచి, నిలద్రొక్కుకొనెను. ఆ నగరములోని అధ్యాత్మగోష్ఠిలో చేరెను. శ్వేతాంబర కుటుంబమున పుట్టిన ఈ వర్తకునకు దిగంబరాచార్యుడైన కుందకుందుని సమయసారము చేతికి వచ్చెను. కుందకుందుని స్థానము అనంతపురము జిల్లాలోని కొనకొండ్ల యని పలువురు చరిత్రకారుల అభిప్రాయము. తెలుగునేలపై పేరొందిన ఆచార్యుని మాట అట్లు ఆగ్రా బజారును చేరెను. మొదట ఆయన దానిని సరిగా గ్రహింపక, క్రియలన్నియు వ్యర్థమని భ్రమించి కలతపడెను. 1635లో పండిత రూపచందుడు గోమ్మటసారమును వ్యాఖ్యానించి గుణస్థానములను వివరింపగా ఆ కలత తీరెను. ఏ మెట్టుపై నున్న జీవునకు ఆ మెట్టునకు తగిన ఆచరణ మున్నదని తెలిసెను. మరుసటి సంవత్సరము, 1636లో, సమయసార నాటకమను పద్యగ్రంథమును పూర్తిచేసెను. జీవాజీవములు రంగస్థలముపైకి వచ్చి పోవు పాత్రలుగా అమృతచంద్రాచార్యులు చూపిన పద్ధతిని ఆయన లోకభాషలో పాడెను. ఆ గ్రంథము నేటికిని స్వాధ్యాయములలో చదువబడుచున్నది.

గోమతిలో మునిగినది ఒక పుస్తకము మాత్రమే. వ్రాసిన చేయి మునుగలేదు. ఆ చేయి ముప్పది యేండ్లకు సమయసార నాటకమును వ్రాసెను. నవరసముల వేయి పద్యములలో కుదిరిన అభ్యాసము లేకున్న ఆ చేతికి ఛందస్సు ఇంత లొంగియుండునా?

రెండు విధముల అపరాధభావము

బనారసీదాసు కథనుండి తేలునదేమనగా, మనస్సులోని అపరాధభావమును ఒకే పద్దుగా వ్రాయరాదు. అందులో నిజమైన బాకీ కొంత, దొంగ పద్దు కొంత కలిసియుండును.

ఇచ్చిన మాట తప్పినచో, తండ్రి సొమ్ము అశ్రద్ధవలన పోయినచో, జబ్బుపడిన బిడ్డను విడిచి కచేరీకి పోయినచో, ఇతరులలో కామక్రోధములు రేపుటకే కళను వాడినచో, అది నిజమైన బాకీ. దానికి తీర్పు శాస్త్రములోనే యున్నది: గురువు ముందో, ఆత్మసాక్షిగనో దోషమును ఒప్పుకొని ఆలోచన చేయుట, ప్రతిక్రమణము చేయుట, నష్టమును పూరించుట. తీర్చిన బాకీకి గీత కొట్టవలెను. తీర్చిన తరువాత కూడ ప్రతిదినము వడ్డీ కట్టువాడు వర్తకుడు కాడు.

పని పూర్తియైనది, ఇంటివారు సుఖముగా నున్నారు, ఎవరికిని హాని లేదు. అయినను వీణ ముట్టగానే గుండె అదరుచున్నదనినచో అది దొంగ పద్దు. ఎవరికి ఎంత ఇయ్యవలెనో చెప్పలేని బాకీని ఏ న్యాయస్థానమును అంగీకరింపదు. ఇట్టి చింత దోషమును దిద్దదు, ముగియదు. తిరిగి తిరిగి వచ్చును. శాస్త్రము చెప్పిన నాలుగు ధ్యానములలో ఇది ఆర్తధ్యానము వైపునకే త్రోయును. పాటకిచ్చిన గడియవలన పాపము కలుగునని భయపడి, ఆ భయముచేతనే రాత్రియంతయు ఆర్తధ్యానమున గడపుట ఏమి లాభసాటి బేరము?

ఈ దొంగ పద్దునకు మూలము చాలవరకు కొలతలో నున్నది. శ్రావకుడు ఐదవ గుణస్థానమునకు చెందినవాడు. మునియొక్క కొలబద్దతో తన దినమును కొలుచుకొనినచో ప్రతి గడియయు తక్కువగనే తూగును. కొట్టు తెరచుట, పెండ్లికి పోవుట, భోజనమునకు రుచి చూచుట వీనికి లేని ఆ కొలబద్దను పాటకు మాత్రమే తెచ్చుట న్యాయము కాదు.

ఆచరణక్రమము

మొదటిది, ముందు వరుస. దినములో తప్పనిసరి పనులు ఏవో వ్రాసికొనవలెను: కొట్టు లెక్క, పెద్దలసేవ, పిల్లల చదువు, నిత్యనియమములు. అవి ముగిసినవా లేదా యని చూచుకొనవలెను. ముగిసినచో మనస్సునకు ఆ కాగితమే జవాబు.

రెండవది, హద్దు. సామాయికమునకు ఒక ముహూర్తము, అనగా 48 నిమిషములు, నియమింపబడినది. దేశావకాశిక వ్రతములో ఇంత కాలమువరకు ఇంత హద్దులో నుందునని శ్రావకుడు నిర్ణయించుకొనును. కాలమునకు హద్దు పెట్టు అభ్యాసము జైనగృహములకు కొత్తది కాదు. సామాయికమునకు బదులుగా గాక, దానికి తరువాత ఒక ముహూర్తమును కళకు నియమించుకొనినచో, ఆ గడియ ఎవరినుండియు దొంగిలించినది కానేరదు. హద్దు ముగియగానే లేచుట కూడ ఆ నియమములో భాగమే.

మూడవది, దాపరికము లేకుండుట. దాచిన పనియే దొంగతనమువలె తోచును. ఈ వేళనుండి ఈ వేళవరకు సాధన చేసికొందునని యువకుడు తండ్రితో చెప్పవలెను. కోడలు నోరు తెరచి అడుగలేని యిండ్లలో అత్తగారే, "అమ్మాయీ, ఆ గిన్నెలు నేను సర్దెదను, నీవు కూర్చుని గీసికొనుము" అని అనవలెను. ఆ ఒక్క మాట పది ఉపన్యాసములకు సమానము.

నాలుగవది, అహింస, పరిమితి. కళలో నిజముగా అడుగవలసిన లెక్క యిది. జంతురోమములతో చేసిన కుంచెలు కొన్ని గలవు. కృత్రిమతంతువుల కుంచెలును దొరకుచున్నవి. మృదంగము, తబలా మొదలైనవి చర్మవాద్యములు. నియమముగలవారు వీణ, వేణువు, గాత్రము మున్నగువానిని ఎంచుకొనవచ్చును. వాద్యములకు, రంగులకు చేయు ఖర్చు పరిగ్రహపరిమాణములో చేరవలెను. ఊరక కలుగు సిగ్గును ఈ విచారణవైపు మరల్చినచో అది వ్రతమునకు తోడ్పడును.

ఐదవది, ఫలమును తొందరపెట్టకుండుట. దీనివలన నెలకెంత వచ్చునని కొట్టులో అడుగుట సహజము. వేయి పద్యములు నీటిపాలైన తరువాత ముప్పది యేండ్లకు ఒక గ్రంథము నిలిచినది. కళలో అసలు చాలకాలము కనబడదు. ఒక్కొక్కప్పుడు వడ్డీ మనుమల కాలమున వచ్చును.

ముగింపు

అర్ధకథానకము చివర బనారసీదాసు తన గుణదోషముల పట్టికను వ్రాసెను. మూడు వివాహములు చేసికొని, తొమ్మిదిమంది బిడ్డలను పోగొట్టుకొనిన మనిషి వ్రాసిన లెక్క అది. దోషముల వరుసలో కొంచెము ధనలోభము, నవ్వించు మాటలపై మక్కువ మొదలైనవానితో పాటు మరియొకటి చేర్చెను: ఏకాంతము దొరకినపుడు తాను నాట్యమాడుదునని. ఎవరును చూడనివేళ, తలుపు వేసికొని, ఆగ్రా వర్తకుడొకడు ఆడిన ఆట అది. దానిని ఆయన దోషముల క్రింద వ్రాసికొనెను. నేటి చదువరి ఆ పద్దును ఏ వైపు వ్రాయవలెనో తానే నిర్ణయించుకొనవలెను. ఐతే ఆయన దానిని దాచలేదు. పుస్తకమునకెక్కించి పేరు పెట్టెను. అంతటితో అది రహస్యమైన బరువుగా నిలువలేదు.

ఈ దీపావళికి కొత్త పుస్తకము తెరచునపుడు ప్రతి యింటివారును కలిసి ఈ మూడు ప్రశ్నలను విచారించుట మేలు.

1. కళకిచ్చిన కాలమువలన ఈ యింట నిజముగా నష్టపోయినవారెవరు? నష్టమున్నచో అది తీర్చబడినదా?

2. ఈ యింటిలో ఎవరి వీణ, ఎవరి కుంచె, ఎవరి పద్యము చాప క్రింద దాగియున్నది? దానిని పైకి తీయుటకు ఎవరు ముందు మాటలాడవలెను?

3. ఆదినాథుడు బ్రాహ్మీసుందరులకు రెండు చేతులతో ఇచ్చిన చదువులో ఈ యింటి పిల్లలకు ఏ చేతిది అందుచున్నది, ఏ చేతిది అందకున్నది?